నిత్యకృతజ్ఞతయు, ఆత్మకారుణ్యమును

దీపములు పెట్టు వేళకు దుకాణదారుడు చిఠ్ఠా ముందిడుకొని కూర్చుండును. భూస్వామి కౌలు బాకీలను సరిచూచుకొనును. ఉద్యోగి తన నెలజీతమును ఇంటి ఖర్చులతో పోల్చుకొనును. ఈ లెక్కలన్నియు మనకు రావలసిన దెంత, మనచేతినుండి పోయిన దెంత యని తెలిసికొనుటకే. ఇతరులు మనకు చేసిన మేలిది యని వ్రాసికొను పద్దు ఏ చిఠ్ఠాలోను కానరాదు. ఇది యొక లోపము.

ఇంకొక లోపమును గలదు. తన తప్పుల లెక్కలో మనుజుడు మిక్కిలి కఠినుడైన షాహుకారు. పదియేండ్ల క్రిందటి పొరపాటునకు నేటివరకు తనచేత తానే చక్రవడ్డీ కట్టించుకొనును. తాను చేసిన మంచిని మాత్రము జమ వేసికొనడు. ఈ రెండు లోపములును వేర్వేరుగా గనబడుచున్నను ఒక్క మూలమునుండి పుట్టినవే. ఉన్నదానిని ఉన్నట్లు చూడలేకపోవుటయే ఆ మూలము. అనుదినము ఉపకారమును స్మరించుటయు, తనయెడల తాను దయ గలిగి యుండుటయు నను రెండు ధర్మములను గూర్చి నేడు విచారింతము. ఇవి తీరికగలవారి విలాసములని తలచువారు పెక్కురు కలరు. కాని యివి కొరవడినచోట ఇండ్లు కూలిన యుదాహరణములు మన తెలుగునాటనే యున్నవి.

ఉపకారస్మృతి

కృతజ్ఞుడనగా చేయబడినదానిని ఎరిగినవాడు. ఆ పదములోనే దాని యర్థ మంతయు నిమిడి యున్నది. నమస్కారము, పొగడ్త, బహుమానము ఇవన్నియు తరువాతివి, మొదటిది ఎరుక. నేడు మన పళ్లెములోని యన్నము ఎవరి చేతులమీదుగా వచ్చినదో ఎరుగనివాడు నోటితో నెన్ని ధన్యవాదములు చెప్పినను కృతజ్ఞుడు కాడు. వాల్మీకి అయోధ్యాకాండ ప్రారంభమున శ్రీరాముని గుణములను వర్ణించుచు, ఒక్క యుపకారమునకే యాతడు సంతసించుననియు, నూరు అపకారములనైనను మనసున నుంచుకొనడనియు చెప్పినాడు. కిష్కింధాకాండమున లక్ష్మణుడు సుగ్రీవుని మందలించుచు, ఎన్నో మహాపాపములకు ప్రాయశ్చిత్తము కలదు గాని కృతఘ్నునకు లేదని హెచ్చరించినాడు. మన జనుల నోటను ఈ ధర్మమే సామెతల రూపమున వెలసినది. ఏరు దాటి తెప్ప తగలవేయువానిని, తిన్నయింటి వాసములు లెక్కపెట్టువానిని చదువురాని ముసలమ్మయు క్షమింపదు.

మన పూర్వులు ఈ స్మృతిని మనస్సునకు వదలివేయక దినచర్యలో బంధించిరి. దేవ, ఋషి, పితృ ఋణములతోనే మనుష్యుడు పుట్టుచున్నాడని వేదము చెప్పినది. ఆ ఋణములు తీర్చుటకే గృహస్థునకు పంచమహాయజ్ఞములు విధింపబడినవి. చదివినదానిని మరల చెప్పుట, పితరులను తలచుట, దేవతల నర్చించుట, భూతములకు బలియిడుట, అతిథికి అన్నము పెట్టుట, ఇవియే యా యైదును. నిద్రలేచి నేలపై పాదము మోపుటకు ముందు భూమిని క్షమింపుమని వేడుట నేటికిని ఎందరో పెద్దల కలవాటు. ఏరువాక పున్నమనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పూజించి గాని రైతు కాడి కట్టడు. కనుమనాడు పశువులకు పని లేదు. దసరాకు నాగలి, కత్తి, త్రాసు, గంటము తామే పూజ నందుకొనును. నోరులేని పశువునకును ప్రాణములేని పనిముట్టునకును మేలెంచిన జాతి మనది.

మన కృతజ్ఞతయొక్క భాషయును విలక్షణమైనది. దాహమిచ్చిన యిల్లాలికి బాటసారి ధన్యవాద మని చెప్పి పోలేదు. నీ కడుపు చల్లగుండవలె నని దీవించెను. భుజించినవాడు అన్నదాతా సుఖీభవ యనెను. పుచ్చుకొన్నవాడు దీవించును గనుక అతడును కొంత యిచ్చినవాడే యగును. చేయి చాచినను తల వంగదు. ఇచ్చువానిని పైనను పుచ్చుకొనువానిని క్రిందను నిలుపని యిట్టి మర్యాద ఘనమైనది.

కృష్ణాతీరమునందలి అమరావతీ స్తూపమునకు చెందినదియు, పూర్ణకుంభమును చెక్కినదియు నగు నొక శిలాఫలకము కలదు. విధికుడను చర్మకారుడు దానిని సమర్పించినట్లు దానిమీది శాసనమువలన తెలియుచున్నది. ఆతడు తన పేరొక్కటి చెక్కించుకొని తృప్తి పొందలేదు. తండ్రిని పేర్కొనెను, తల్లిని, భార్యను, సోదరులను, కొడుకును, కూతుండ్రను దానమున భాగస్వాములను జేసెను. తాను సంపాదించినది తనదొక్కనిదే కాదని రమారమి రెండువేల యేండ్ల క్రిందటి తోలుపనివాడు ఎరిగి యుండెను. ఒక దానపత్రముపై తన పేరుమాత్రమే పెద్దయక్షరములతో వేయించుకొను నేటి ధనికులు ఆ శిలను ఒకమారు చూచి రావలెను.

కృతజ్ఞత దాస్యము కాదు

ఇచ్చట నొక శంక పుట్టవచ్చును. ఉపకారమును నిత్యము తలచుమని బోధించుట, అణగియున్నవారిని మరింత అణచుటకు సాధనము కాదా? ఈ శంక నిర్లక్ష్యము చేయదగినది కాదు. ఉప్పు తిన్న విశ్వాసమను మాటను అడ్డు పెట్టి ఎన్ని తరముల కూలీలచేత వెట్టిచాకిరి చేయించుకొనలేదు? నైజాము పాలనలో తెలంగాణమున వెట్టికి లోబడిన కుటుంబములకు దొరల యిండ్లలో నేర్పబడినది కృతజ్ఞత కాదు, భయము. రైళ్లు వేసితిమి, బడులు పెట్టితిమి, కావున మీరు నోరు మెదపరాదని తెల్లదొరలును మనకు చెప్పిరి.

దీనికి గోదావరీతీరము చక్కని సమాధానము చెప్పినది. 1832-33 నాటి కరవు గుంటూరు సీమ మొదలుగా తీరాంధ్రమును పీడించినది. ఏటేట గోదావరి సముద్రములో గలియుచుండగా ఒడ్డుననే జనులు అన్నములేక మాడిరి. సర్ ఆర్థర్ కాటన్ పూనికమీద ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్టపని ప్రారంభమై 1852లో ముగిసినది. వీణెం వీరన్న మొదలగు మనవారును, పేరులు మిగులని వేలాది కూలీలును దానికై చెమటోడ్చిరి. గోదావరి మండలములు కోనసీమతో గూడ సస్యశ్యామలములైనవి. నేటికిని ఆ ప్రాంతపు రైతులు కాటను దొర విగ్రహమునకు పూలమాలలు వేయుదురు. అయినను అదే గోదావరి యొడ్డున, అదే యానకట్ట నీటితో పండిన యన్నము తిన్న జనులే 1907లో రాజమహేంద్రవరమున బిపినచంద్రపాలుని యుపన్యాసములు వినుటకు వేలుగా గూడిరి. వందేమాతర మనినందులకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు మొదలగు విద్యార్థులు ట్రెయినింగు కళాశాలనుండి బహిష్కరింపబడిరి.

కాటనునకు దండము పెట్టిన చేతులే స్వరాజ్యపతాకమును పట్టినవి. ఇందు విరోధ మేమియు లేదు. మేలుచేసిన మనుష్యుని స్మరించుట కృతజ్ఞత. ఆ మేలును సంకెల చేసికొని కాళ్లకు తగిలించుకొనుట దాస్యము. మొదటిది స్వేచ్ఛగలవాని గుణము, రెండవది స్వేచ్ఛ కోల్పోయినవాని యవస్థ. కృతజ్ఞత అడిగి పుచ్చుకొనునది కాదు. నీవు నాకు కృతజ్ఞుడవై యుండుమని యెవడు శాసించునో, వాడు చేసినది ఉపకారము గాక వ్యాపారమే యని తెలియవలెను.

ఈ విచక్షణ ముఖ్యముగా భూవసతి గలవారికి ఆవశ్యకము. పూర్వము కళ్లములో ధాన్యము కొలుచునపుడు చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి మొదలగువారికి మేరలు కొలిచి గాని రైతు తన గాదెకు ధాన్యము తోలుకొనెడివాడు కాడు. ఆ యేర్పాటునందు అన్యాయములు లేకపోలేదు. కులముల హెచ్చుతగ్గులు దానిని చెరచినవి. కాని మేర యనునది దయాధర్మము గాక హక్కు అను భావము అందు మేలైనది. నేడు పొలము దున్నువారిలో పెక్కుమంది కౌలుదారులు. పట్టా యొకరిది, కష్ట మొకరిది. ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు పదునొకండు నెలల పత్రము నిచ్చుటకు వీలు కల్పించినది. కాని యా పత్రమునకు భూయజమాని సమ్మతి వలసి యుండెను. సంక్రాంతికి కౌలుదారుని బిలిచి క్రొత్తబట్ట పెట్టి, కాగితముమీద సంతకమునకు మాత్రము వెనుదీసిన యజమానుని కృతజ్ఞత ఎట్టిది? పంట పోయిననాడు నష్టపరిహారము యజమానునకు చేరి, అప్పు కౌలుదారునకు మిగులును. చేసిన మేలు నెరుగుట యనగా దానికి తగిన న్యాయము చేయుటయే. న్యాయము మాని దీవెనలిచ్చుట చెల్లని నాణెమును చేతిలో పెట్టుట వంటిది.

తనయెడల తాను

ఇక రెండవ ధర్మము. పరులయెడల దయను గూర్చి మన గ్రంథములందు విరివిగా కలదు. తనయెడల దయ యనగానే అది సోమరితన మనియు, స్వార్థ మనియు కొందరు శంకింతురు. భగవద్గీత ఆరవ యధ్యాయమున తన్ను తానే ఉద్ధరించుకొనవలె ననియు, తన్ను తాను క్రుంగదీసికొనరా దనియు చెప్పబడినది. తనకు తానే బంధువు, తనకు తానే శత్రువు. పదునేడవ యధ్యాయమున శరీరమును ఘోరముగా హింసించుకొను తపస్సును ఆసురమని నిందించుచు, అట్టివారు దేహమునందున్న తన్ను కూడ బాధించుచున్నారని కృష్ణుడు చెప్పినాడు. ఇంతకన్న స్పష్టమైన యాజ్ఞ యేమి కావలెను?

బౌద్ధవాఙ్మయమున సోణుడను భిక్షువు కథ యున్నది. ధనికుల యింట సుకుమారముగ పెరిగిన యాతడు సన్న్యసించి, పాదములు నెత్తురు గారునంతవరకు నడచుచు సాధన చేసెను. ఫలము గానరాక విసిగి ఇంటికి పోదలచెను. బుద్ధుడు వానిని కోపింపలేదు. పూర్వము నీవు వీణ వాయించెడివాడవు గదా, తంత్రులు మిక్కిలి బిగించిన పలికినదా, మిక్కిలి వదలినపుడు పలికినదా యని మాత్రము అడిగెను. సోణునకు తెలిసినది. అతడు సాధన మానలేదు, శ్రుతి సరిచేసికొనెను. ఆత్మకారుణ్య మనగా నిదియే. తంత్రిని త్రెంపుకొనకుండుటయు, వదులుచేసి పారవేయకుండుటయు.

కఠినముగ తన్ను తాను నిందించుకొనుట కొందరికి గొప్ప నీతివలె గనబడును. పరీక్షించి చూడగా అందు గర్వము దాగియున్నది. ఇతరులు తప్పు చేయవచ్చును గాని నేను చేయరాదు అను తలంపే ఆ నిందకు మూలము. తన్ను తాను సామాన్య మానవులలో నొకనిగా నెంచుకొన్నవాడు తన తప్పును ఒప్పుకొని, దిద్దుకొని, పని చూచుకొనును. తన్ను గొప్పగా నెంచుకొన్నవాడు తప్పుచుట్టు ప్రదక్షిణములు చేయుచుండును. దిద్దుకొనుటకు వానికి తీరిక చిక్కదు.

ఇండ్లు కూలిన విధము

ఈ విచారము వట్టి వేదాంతము కాదనుటకు రెండు సంగతులు చాలును. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమ ప్రత్తిని మ్రింగివేసినది. 1997-98లో ఓరుగల్లు జిల్లాలో పురుగు పంటను పాడుచేయగా, పనిచేయని మందులును, ప్రైవేటు అప్పుల వడ్డీలును రైతు వెన్ను విరిచినవి. ఆ రెండు పర్యాయములును రైతులు ప్రాణములు తీసికొనిరి. దోషము పురుగుది, అంగడిది, ఋణవ్యవస్థది, వానది. అయినను రైతు ఆ దోష మంతయు తన నెత్తిన వేసికొనెను. బంధువుల ముఖము చూడలేననియు, మాట పోయిన దనియు కుమిలెను. అతనికి కావలసినవి మొదట బీమా, సాగునీరు, న్యాయమైన ఋణము. ఇవి లేక కేవలము ధైర్యవచనములు చెప్పుట అపహాస్యమే. కాని సహాయము చేరువరకు మనిషి బ్రతికియుండవలెను గదా. నీవు ఓడినది నిజము, నీవు చెడ్డవాడవు కావు అని చెప్పు ఒక్క గొంతు ఆ యింటనో, ఆ వీథినో, వాని మనసులోనో ఉండవలసినది.

రెండవ సంగతి 2019 ఏప్రిలు నెలలో తెలంగాణమున నడచినది. ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొలది దినములలోనే ఇరువదిమంది విద్యార్థులు ఆత్మహత్యల పాలైరని పత్రికలు వ్రాసినవి. ఆ ఫలితములలో పొరపాట్లు దొరలెనని పిదప బయటపడినది. తెలుగు పరీక్షలో 99 మార్కులు రావలసిన యొక బాలికకు సున్న వేయబడినది! తప్పినవారి పత్రములన్నిటిని మరల చూడవలెనని ప్రభుత్వము ఉత్తరువు చేయవలసి వచ్చినది. సున్న యని వ్రాసిన కాగితమును నమ్మి తన్ను తాను సున్నగా నెంచుకొన్న పసివానికి, కాగితముకూడ తప్పవచ్చునని యెవరు చెప్పియుండవలెను? ఒప్పుగా వేసిన మార్కులైనను ఆ బిడ్డ విలువకు కొలతలు కావని యెవరు చెప్పియుండవలెను? తలిదండ్రులు చెప్పవలెను. కాని తమ జీవితములోని ప్రతి యోటమికిని తమ్ము తామే తిట్టుకొను తండ్రి యా మాట చెప్పినను బిడ్డ నమ్మడు. పిల్లలు మన మాటలను గాక మన నడవడిని నేర్చుకొందురు. కావున తనయెడల దయ తన సొంతవిషయము కాదు. అది యింటికి వెలుగు.

దుఃఖము సహింపరానిదైనపుడు ఒంటరిగ నోర్చుకొనుట శౌర్యము కాదు. 2022లో భారతప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. జ్వరమునకు వైద్యుని పిలుచుట సిగ్గు కానట్లే మనోవ్యథకు పిలుచుటయు సిగ్గు కాదు.

పరిశోధనలు చెప్పునది

పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులును ఈ విషయమును పరీక్షకు పెట్టిరి. 2003లో రాబర్ట్ ఎమన్సు, మైకేల్ మెకల్లో అను అమెరికా పండితులు కొందరిచేత తాము కృతజ్ఞులై యున్న సంగతులను, మరికొందరిచేత తమ చికాకులను వ్రాయించిరి. మేళ్లను వ్రాసినవారు తమ జీవితమును గూర్చి హెచ్చు సంతృప్తి తెలిపిరి. ఆ సంవత్సరమే క్రిస్టిన్ నెఫ్ అను విదుషీమణి ఆత్మకారుణ్యమునకు మూడు అంగములు చెప్పెను: తనయెడల మెత్తని మాట, బాధ అందరికిని గలదను నెరుక, దుఃఖమును దాచకయు పెంచకయు ఉన్నదున్నట్లు చూచుట. 2012లో జూలియానా బ్రైన్సు, సెరీనా చెన్ అనువారు ప్రకటించిన పరిశోధనలో, పరీక్ష తప్పినపుడు తమ్ము క్షమించుకొనుటకు ప్రోత్సాహము పొందిన విద్యార్థులు తరువాతి పరీక్షకు ఇతరులకన్న హెచ్చుసేపు చదివిరి. ఆత్మదయ సోమరుల నొనర్చు నను భయమునకు ఇది తగిన ప్రత్యుత్తరము.

అయినను అతిశయోక్తులు కూడవు. 2021లో ఇరువదియేడు పరిశోధనలను కలిపి చూచినవారు, కృతజ్ఞతాభ్యాసమువలన దిగులు, ఆందోళనములు తగ్గుట స్వల్పమే యని తేల్చిరి. ఇది ఔషధము కాదు, అన్నమువంటి నిత్యకృత్యము. ఒక్కపూట అన్నమువలన బలము రాదు. అట్లని యన్నము మానువాడును లేడు.

అభ్యాసక్రమము

దీనికి గొప్ప సాధనసంపత్తి యక్కరలేదు. రోమక చక్రవర్తియైన మార్కస్ ఔరేలియస్ తనకొరకై వ్రాసికొన్న పుస్తకపు మొదటి భాగమున తాతను, తల్లిని, గురువులను ఒక్కొక్కరిని పేర్కొని, ఎవరినుండి యేమి నేర్చుకొంటినో వ్రాసినాడు. సామ్రాజ్యమేలినవానికి చిక్కిన తీరిక మనకు చిక్కకపోదు. రాత్రి పరుండబోవుటకు ముందు ఆనాటి మేళ్లు మూడింటిని చిఠ్ఠా చివర వ్రాసికొనవలెను. దేవుడు చల్లగ చూచినాడని గాక, ఎవరు, ఏమి చేసిరో పేరుతో వ్రాయవలెను: ఎండలో కాలువకు గండి పూడ్చిన పాలేరు, ఒంట్లో బాగులేకున్నను వంటచేసిన భార్య, సరియైన ధర చెప్పిన బేరగాడు. వారమున కొకసారి ఆ పేర్లు చదివి, వారిలో నెవరికి మాట బాకీయో, ఎవరికి కూలి బాకీయో చూచి తీర్చవలెను. తీర్చని ఋణమును తలచినంతమాత్రమున అది చెల్లదు.

ఆ పిమ్మట తన తప్పును ఒక్కవాక్యమున వ్రాసికొనవలెను. ఆ తప్పే తన తమ్ముడు చేసియున్నచో వానితో నేమి చెప్పెడివాడో, ఆ మాటయే తనకు చెప్పుకొనవలెను. తమ్ముని మనము వెనకేసికొని రాము, వెలివేయము. తెల్లవారి యేమి దిద్దవలెనో చెప్పుదుము. ఆ దిద్దుబాటు వ్రాసి పుస్తకము మూయవలెను. మూసిన పద్దును అర్ధరాత్రమున మరల తెరువరాదు.

స్వరాజ్యమును 1947లో సాధించుకొంటిమి. పరుల శాసనము తొలగినది గాని, తన్ను తాను కొరడాతో పాలించుకొను అలవాటు ఎందరి హృదయములలోనో తొలగలేదు. తనయందు శాంతిలేనివాడు ఇంట న్యాయము చేయలేడు. ఎవరి చెమటతో బ్రతుకుచున్నాడో ఎరుగనివాడు ఊరికి న్యాయము చేయలేడు. ప్రతిదినము కొంచెముసేపు ఈ రెండు లెక్కలు సరిచూచుకొను గృహస్థులు ఊరికి పదిమంది యున్నను, ఆ యూర కౌలుదారునకు కాగితము దొరకును, తప్పిన బిడ్డకు తలదాచు ఒడి దొరకును. ఈ రాత్రి చిఠ్ఠా మూయుటకు ముందు మూడు పంక్తులు వ్రాయుడు.